లాయర్ లేకుండా వినియోగదారుల కమిషన్‌లో సొంతంగా కేసు వేసినవాళ్ళు ఉన్నారా?

గుంటూరు వంటిల్లు:

అందరికీ నమస్కారం. 2024 మే నెలలో మా ఫ్లాట్‌కి మాడ్యులర్ కిచెన్ చేయించుకున్నాం. విజయవాడలో ఒక ఇంటీరియర్ షాపు వాళ్ళు చేశారు, పేరు ఇక్కడ రాయను. ఒప్పందం 2,85,000. అందులో 2,60,000 ఇచ్చేశాం, అంతా బ్యాంకు నుంచే. సింకు కింద భాగం మొత్తం 710 గ్రేడు (నీళ్ళకి తట్టుకునే రకం) ప్లైవుడ్‌తో చేస్తామని కొటేషన్‌లో రాసిచ్చారు. ఆగస్టు 12న పని అప్పగించారు.

ఏడాది తిరగకముందే సింకు కింద తలుపులు బూరెల్లా ఉబ్బాయి. అడుగు పలకని వేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగబడుతోంది. గ్యాస్ సిలిండర్ అక్కడ పెట్టడానికి భయమేసి బాల్కనీలోకి మార్చాం.

షాపుకి ఫోన్ చేస్తే మనిషిని పంపించారు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఫొటోలు తీసుకున్నాడు, టీ తాగాడు, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. చివరికి వచ్చిన ఒకే ఒక్క మెసేజ్: "మీరు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారు మేడం." సింకు దగ్గర నీళ్ళు కాక ఇంకేం వాడతారండీ?

తెలిసిన లాయర్‌ని అడిగితే 20,000 అన్నారు, ఖర్చులు అదనం. మా ఆయనేమో "పోనీలే, ఇంకో లక్ష పెట్టి మార్పించేద్దాం" అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. సొంతంగా వేసుకోవచ్చని ఎక్కడో చదివాను. ఫీజు ఎంత? గుంటూరులో వేయాలా, విజయవాడ వెళ్ళాలా? నేను ఒక మెడికల్ ఏజెన్సీలో అకౌంట్లు చూస్తాను. కాగితాలంటే భయం లేదు. జడ్జి ముందు నిలబడి మాట్లాడాలంటేనే టెన్షన్.

ఓపిక లేనివాడు:

వదిలేయండి మేడం. మా బావమరిది ఫ్రిజ్ మీద కేసు వేశాడు. తీర్పు వచ్చేసరికి ఆ ఫ్రిజ్‌ని పాత సామాన్లవాడికి అమ్మేశాడు. ఆ తిరుగుడు టైంలో మీరు ఇంకో కిచెన్ సంపాదించుకోవచ్చు.

మాజీ హెడ్మాస్టర్, కరీంనగర్:

అమ్మా, నేను వేశాను. లాయర్ లేకుండానే. గెలిచాను, డబ్బు కూడా చేతికి వచ్చింది. పై ఆయన చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది, కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

2022 ఫిబ్రవరిలో మేం నలుగురం ఒక ట్రావెల్స్ వాళ్ళతో కాశీ, ప్రయాగ, గయ యాత్రకి వెళ్ళాం. మనిషికి 18,000, మొత్తం 72,000. నేను వెళ్ళింది గయ కోసమే. మా నాన్నకి అక్కడ పిండం పెట్టాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. ప్రయాగ అయ్యాక బస్సు పాడైందని చెప్పి అటునుంచి అటే వెనక్కి తిప్పేశారు. ఇంటికి వచ్చాక అడిగితే "గయ మా ప్యాకేజీలోనే లేదు" అన్నారు. బిల్లు మీద "ఉత్తర భారత యాత్ర" అని మాత్రమే ఉంది. నా అదృష్టం, వాళ్ళు పంచిన కరపత్రం మా ఇంట్లో పంచాంగం మధ్యలో గుర్తుగా పెట్టి ఉంది. అందులో ఏడో రోజు గయ అని అచ్చువేసి ఉంది. కేసు మొత్తం ఆ కరపత్రం మీదే నిలబడింది.

ఇక మీ ప్రశ్నలు. గుంటూరులోనే వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో అవతలివాళ్ళు ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో వేయాల్సి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 చట్టంలో మనం నివాసం ఉన్నచోట, ఉద్యోగం చేసేచోట కూడా వేసుకోవచ్చని 34వ సెక్షన్‌లో పెట్టారు. మీరు ఇచ్చిన డబ్బు 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ చాలు. ఫీజు కూడా మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకో పనికో మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి లెక్కేస్తారు. 5 లక్షల దాకా ఫీజే లేదు. నాకైన ఖర్చంతా జిరాక్సులు, నోటరీ, స్పీడ్ పోస్టు, ఆటో.

గడువు రెండేళ్ళు. ఉబ్బడం ఎప్పుడు మొదలైందో అప్పటి నుంచి లెక్క అని మీరు వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన దాకా ఎందుకు, పని అప్పగించిన 2024 ఆగస్టు 12 నుంచే లెక్కేసుకుని ఆ రెండేళ్ళ లోపు వేసేయండి.

నేను చేసిన తప్పులు చెప్తే మీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటి తప్పు, కోపం మీద ఫిర్యాదు రాయడం. పద్నాలుగు పేజీలు రాశాను. గయ క్షేత్ర మహత్యం, మా నాన్నగారి గుణగణాలు, ట్రావెల్స్ వాళ్ళ నీతిమాలినతనం, అన్నీ పెట్టాను. ఇస్తే అక్కడి క్లర్కు తిరగేసి "మాస్టారూ, ఇందులో మీరు డబ్బు ఎప్పుడు కట్టారు?" అని అడిగాడు. తొమ్మిదో పేజీలో ఉంది! ముప్పై ఏళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి, సిగ్గేసింది. ఇంటికి వచ్చి మూడు పేజీలకు కుదించాను. తేదీ, ఏం జరిగింది, దానికి కాగితం ఏది. అంతే. 2022 జులైలో దాఖలైంది ఆ మూడు పేజీలే.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. బోర్డు మీద ఉన్న పేరునే ప్రతివాదిగా పెట్టాను. వాళ్ళు ఆఫీసు మార్చేశారు, నోటీసు తిరిగొచ్చింది. అసలు ఆ పేరు వెనక ఉన్న మనిషి ఎవరో నాకు తెలియదు. మూడు నెలలు అక్కడే పోయాయి. తర్వాత మా అబ్బాయి చెప్పాడు, బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరుని జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే అసలు పేరు, వ్యాపారం పేరు, ఒక్కరిదా భాగస్వాములదా కంపెనీయా, చిరునామా, అన్నీ లాగిన్ లేకుండానే కనిపిస్తాయని. మీరు ముందు ఆ పని చేయండి. ఒక్కరి సొంత వ్యాపారమైతే ఆయన పేరు, షాపు పేరు రెండూ రాయాలి.

మూడోది, పరిహారం 5 లక్షలు అడిగాను. కమిషన్ ప్రెసిడెంటు గారు కళ్ళజోడు పైనుంచి చూసి "యాత్ర 72 వేలు కదా మాస్టారూ?" అన్నారు. ఇంకేం మాట్లాడతాను? అడిగే ప్రతి రూపాయికీ ఒక లెక్క ఉంటే వినేవాళ్ళకీ మన మీద నమ్మకం కుదురుతుంది.

మాట్లాడటం గురించి మీరు భయపడుతున్నారు. అక్కడ సినిమాల్లోలా బోను, సుత్తి ఏమీ ఉండవు. ఒక హాలు, ప్రెసిడెంటు, సభ్యులు, వరసగా కుర్చీలు. పేరు పిలుస్తారు, లేచి "నా కేసు నేనే చూసుకుంటున్నాను సార్" అంటే చాలు. చాలా వాయిదాల్లో మాట్లాడేదే ఉండదు. అవతలివాళ్ళు జవాబు వేశారా, లేదా, మళ్ళీ ఎప్పుడు, ఇంతే. సాక్ష్యం కూడా కాగితం మీదే, ప్రమాణపత్రం రూపంలో ఇస్తాం. నేను పదకొండు వాయిదాలు తిరిగాను, గట్టిగా మాట్లాడింది రెండుసార్లే, కలిపితే పది నిమిషాలు ఉండదు.

చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది. నాకు పదహారు నెలలు పట్టింది. 2023 నవంబరులో తీర్పు: 24,000 వాపసు, 15,000 పరిహారం, 3,000 ఖర్చులు, 45 రోజుల్లో కట్టాలి. కట్టలేదు. తీర్పు కాగితం చూసి మురిసిపోతే డబ్బు రాదని అప్పుడు తెలిసింది. అమలు కోసం మళ్ళీ ఇంకో పిటిషన్ వేయాలి. 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలా ఆస్తి జప్తు దాకా వెళ్ళొచ్చు. 72 కింద అయితే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000కి తగ్గని జరిమానా. నేను 2024 జనవరిలో 72 కింద వేశాను. సమన్లు అందిన మర్నాడు ఆ ట్రావెల్స్ ఆయన మా ఇంటికే వచ్చాడు, డీడీ పట్టుకుని. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

నల్లకోటు:

నేను ప్రాక్టీసులో ఉన్న లాయర్‌నే, అయినా మాస్టారి మాటకి నా ఓటు. ఇలాంటి కేసుకి లాయర్ తప్పనిసరి కాదు. కొన్ని సంగతులు కలుపుతాను.

ముందు మీరే ఒక నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి అనలేదు కానీ, అవకాశం ఇచ్చినా వాళ్ళు స్పందించలేదని చూపించడానికి అది ఉండాలి. తెల్లకాగితం చాలు. ఏం ఒప్పుకున్నారు, ఏం చేశారు, ఎంత ఇవ్వాలి, 15 రోజులు గడువు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింటు రెండూ దాచుకోండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకండి, అలాగే కమిషన్‌కి ఇవ్వండి. ఈలోగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళకి తీర్పు ఇచ్చే అధికారం లేదు. ఒక్కోసారి ఆ ఫోన్‌తోనే షాపువాళ్ళు దిగివస్తారు, రాకపోతే మీ ఫైల్లో ఇంకో కాగితం చేరుతుంది.

ఆన్‌లైన్ దాఖలు ఇంతకుముందు ఈ-దాఖిల్ వెబ్‌సైట్‌లో ఉండేది, 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతికి మారింది. ఆన్‌లైన్‌లో వేసినా, కాగితం సెట్లు ఎన్ని కావాలో ఆఫీసులో ఒకసారి అడిగి తెలుసుకోండి.

వాట్సాప్ సంభాషణలకి ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ జతచేయండి. ఒకప్పుడు పాత సాక్ష్య చట్టం సెక్షన్‌ని బట్టి అందరూ 65బీ అనేవారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్, వచ్చాక అది 63(4) అయింది. అందులో పార్ట్-ఎ మీరు సంతకం చేసేది, పార్ట్-బి నిపుణుడు చేసేది. కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుదలగా ఉండవు, అయినా అవతలి లాయర్‌కి ఆ సందు ఎందుకు ఇవ్వాలి? ఫోన్ మార్చకండి, ఆ చాట్ తుడిచేయకండి.

ప్రతివాదికి నోటీసు అందాక జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి పొడిగించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కాబట్టి నోటీసు అందిన తేదీ మీ డైరీలో రాసి పెట్టుకోండి. 46వ రోజున ఎవరైనా జవాబుతో వస్తే లేచి నిలబడి ఆ తేదీ చెప్పండి. సొంతంగా వాదించుకునేవాళ్ళు సాధారణంగా వదిలేసే చోటు ఇదే.

ఇంకోటి. లాయర్ కావాలనే అనిపిస్తే మీకు ఉచితంగా దొరుకుతారు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకి ఆదాయంతో పనిలేదు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. 20,000 ఇచ్చే ముందు అది గుర్తుంచుకోండి. నా తోటివాళ్ళు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

రంపం పొట్టు:

అక్కా, నేను కార్పెంటర్‌ని. మీరు చెప్పే ఉబ్బు చూస్తే అది ప్లైవుడ్ కాదేమో అనిపిస్తోంది. ప్లై పాడైతే పొరలు పొరలుగా విడిపోతుంది. బూరెలా ఉబ్బి అట్టలా మెత్తబడిందంటే పార్టికల్ బోర్డో, ఎండీఎఫో అయ్యుండొచ్చు. హింజి విప్పి ఆ గుంత లోపల చూడండి. పొరలు కనిపిస్తే ప్లై. చెక్క పొట్టు నొక్కినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. మెత్తటి పిండిలా ఉంటే ఎండీఎఫ్. 710 అంటే మెరైన్ ప్లై, ఐఎస్ 710. మామూలు ప్లై ఐఎస్ 303. షీటు మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఆ నంబరు అచ్చు ఉంటుంది. పైన లామినేట్ అంటించేస్తే కనపడదు, అందుకే మోసం చేయడం తేలిక. ఒక్కోసారి లోపలివైపో, వెనక పలక మీదో ముద్ర మిగిలిపోతుంది, టార్చి వేసి చూడండి.

ఒక్క మాట. ఉబ్బిన పలకలు పారేయకండి. పనిమనిషి చెత్తలో వేసేసిందని ఏడ్చినవాళ్ళని చూశాను.

గుంటూరు వంటిల్లు:

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే హింజి విప్పి చూశాం. పొరలూ లేవు గిరలూ లేవు, అంతా పొట్టే! మా ఆయన ఇన్నాళ్ళూ పోనీలే అన్నారు కదా, అది చూశాక ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది.

రెండు సందేహాలు. ఇది పార్టికల్ బోర్డు అని నేను చెప్తే సరిపోతుందా? రెండోది, నోటీసు వెళ్ళిన ఐదో రోజున షాపు ఓనరు ఫోన్ చేశారు. "30,000 క్యాష్ ఇస్తాను, కంప్లయింట్ ఏమీ లేదని ఒక సంతకం పెట్టండి" అంటున్నారు. జీఎస్టీ సైట్‌లో చూస్తే షాపు ఆయన పేరు మీద కాదు, వాళ్ళావిడ పేరు మీద ఉంది.

నల్లకోటు:

షాపు ఆవిడ పేరు మీద ఉంటే ఆవిడే ప్రతివాది, షాపు పేరుతో కలిపి. కొటేషన్ మీద సంతకం ఆయనదైతే ఆయన్నీ రెండో ప్రతివాదిగా పెట్టండి.

మీరు చెప్తే చాలదు. ఆ షాపుతో సంబంధం లేని ఒక ఇంజనీరుతోనో, ఇంటీరియర్ పని తెలిసినవాళ్ళతోనో చూపించి, ఫొటోలతో రిపోర్టు రాయించండి. ఆ రిపోర్టు ఇచ్చినవాళ్ళు ప్రమాణపత్రం కూడా ఇస్తే బలం. దానితోపాటు వంటింటిని చూసి రావడానికి అడ్వకేట్ కమిషనర్‌ని (కమిషన్ తరఫున చూసి రిపోర్టిచ్చే లాయర్‌ని) వేయమని పిటిషన్ వేసుకోవచ్చు. వస్తువుని ల్యాబ్‌కి పంపే అధికారం కూడా కమిషన్‌కి ఉంది. అందాకా రిపేరు చేయించకండి.

30,000 సంగతి మీ ఇష్టం. కానీ "కంప్లయింట్ ఏమీ లేదు" అని సంతకం పెట్టాక కేసు దాదాపు ముగిసినట్టే. రాజీ కావాలంటే కేసు వేశాక కమిషన్‌లోనే మధ్యవర్తిత్వానికి పంపమని అడగొచ్చు, అక్కడ కుదిరింది ఉత్తర్వులోకి ఎక్కుతుంది.

మాజీ హెడ్మాస్టర్, కరీంనగర్:

ఐదో రోజున ఫోన్ చేశాడంటే అతనికి భయం పట్టుకుంది. తొందరపడకమ్మా. కొత్త తలుపులు, అడుగు పలకలు, కూలీ, అన్నిటికీ వేరే షాపులో కొటేషన్ తీసుకో. ఆ అంకె ఫిర్యాదులో పెట్టు. నాలా 5 లక్షలు అనకు.

అప్పిచ్చిన అమాయకుడు:

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేను ఆఫీసులో ఒకతనికి 40,000 చేబదులు ఇచ్చాను, ఎగ్గొడుతున్నాడు. నేనూ ఇక్కడే వేయొచ్చా?

నల్లకోటు:

కుదరదండి. మీరు అతని దగ్గర వస్తువూ కొనలేదు, సేవా తీసుకోలేదు, కాబట్టి వినియోగదారు కారు. అది డబ్బు రాబట్టుకునే సివిల్ దావా, మూడేళ్ళ గడువు. దానికంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పెట్టించండి. ఫీజు లేదు. అతను వచ్చి ఒప్పుకుంటే అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అతను రాకపోతే దావాయే.

గుంటూరు వంటిల్లు:

ఆలస్యంగా రాస్తున్నాను. 30,000కి ఒప్పుకోలేదు. వేరే షాపు కొటేషన్ 96,500 వచ్చింది. ఒక సివిల్ ఇంజనీరు వచ్చి రిపోర్టు ఇచ్చారు, ఫీజు 2,500 తీసుకున్నారు, ఆ రసీదు కూడా జతచేశాను. ఫిర్యాదు రెండున్నర పేజీలు వచ్చింది మాస్టారూ, మీకంటే అరపేజీ తక్కువ! డబ్బు ఎప్పుడు కట్టామో మొదటి పేజీలోనే ఉంది. ఏజెన్సీలో పార్టీల బాకీల పట్టిక వేసినట్టే తేదీలన్నీ ఒక పట్టికగా వేసి చివర పెట్టాను, క్లర్కు చూసి ఇలా అందరూ తెస్తే బాగుండును అన్నారు. నిన్న నంబరు పడింది. మొదటి వాయిదా వచ్చే నెల 9న.

ఉబ్బిన తలుపు ఒకటి ఊడి వచ్చేసింది. పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాం.

మాజీ హెడ్మాస్టర్, కరీంనగర్:

శుభం. పదిన్నరకల్లా వెళ్ళు. కాజ్‌లిస్టులో, అంటే ఆ రోజు కేసుల జాబితాలో, నీ నంబరు ఎన్నోదో చూసుకుని, ఫ్యాన్ కింద కుర్చీ పట్టుకో. మధ్యాహ్నం దాకా పిలవకపోవచ్చు, డబ్బా కట్టుకెళ్ళు.